ఏజీ 4 చాలా, ఏజీ 7 కావాలా? ఇనుము కోసే గ్రైండర్ కొనేముందు చూసుకోవాల్సినవి

"అన్నా, గ్రైండర్ తీసుకుందామనుకుంటున్నా, ఏ కంపెనీ మంచిది?" అని షెడ్డుకి వచ్చి అడిగేవాళ్ళకి నేను వెంటనే పేరు చెప్పను. దేనికి వాడతావని అడుగుతాను. మీ ఊరికి దగ్గర్లో మోటార్ వైండింగ్ చేసేవాళ్ళు ఎవరున్నారని అడుగుతాను. ఈ రెండూ తెలిశాక కంపెనీ పేరు చెప్పడం తేలికే. గేట్లు, గ్రిల్స్, రేకుల షెడ్ల పని 17 ఏళ్ళుగా చేస్తున్నాను. ఈలోగా నా చేతుల్లో అరిగిపోయిన గ్రైండర్లు డజను దాటాయి. వాటిలో ఏళ్ళ తరబడి నడిచినవీ ఉన్నాయి, వారం తిరక్కుండా పొగ వదిలినవీ ఉన్నాయి. ఇంటికని కొనుక్కునేవాళ్ళకీ, కొత్తగా షాపు పెట్టుకునే కుర్రాళ్ళకీ పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

ముందు సైజు సంగతి తేలాలి. ఏజీ అంటే యాంగిల్ గ్రైండర్, పక్కన అంకె చక్రం సైజు. దుకాణాల్లో 4 అంగుళాల గ్రైండర్‌ని ఏజీ 4 అంటారు, 5 అంగుళాలదాన్ని ఏజీ 5, 7 అంగుళాలదాన్ని ఏజీ 7 అంటారు. మిల్లీమీటర్లలో అయితే 100, 125, 180. ఆపైన 230 మిల్లీమీటర్లది, అంటే 9 అంగుళాలది కూడా ఉంది గానీ అది కాంక్రీటు కోసే కాంట్రాక్టర్లకి. ఇంటికి దాని అవసరం పడదు.

ఇంటికి ఏజీ 4 చాలు. ఈ మాట నేను తడుముకోకుండా చెబుతాను. కిటికీ ఊచ కోయాలి, గేటు తుప్పు గీకాలి, పాత బోల్టు బిగుసుకుపోతే తల ఎగరగొట్టాలి, పార, గొడ్డలి, కొడవలి పదును పెట్టుకోవాలి, అంగుళం జీఐ పైపు ముక్క చెయ్యాలి. ఇవన్నీ ఏజీ 4 చేస్తుంది. బరువు కిలోన్నర నుంచి రెండు కిలోల లోపే ఉంటుంది కాబట్టి నిచ్చెన మీద నిలబడి పట్టుకున్నా చెయ్యి లాగదు. అన్నిటికంటే ముఖ్యం, దీని చక్రాలు మండలం సెంటర్లో ఏ హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళినా దొరుకుతాయి. 16 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న 4 అంగుళాల కటింగ్ వీల్ ఇవ్వండంటే చాలు, అడిగినన్ని ఇస్తారు. ఆదివారం సాయంత్రం పని మధ్యలో వీల్ అయిపోతే ఆ సౌకర్యం విలువేమిటో అర్థమవుతుంది.

దీనికున్న లోటు లోతు. చక్రం 100 మిల్లీమీటర్లున్నా, మధ్యలో నట్టు, గేర్ల తల అడ్డం రావడంతో లోపలికి దిగేది సుమారు అంగుళం. చక్రం అరిగేకొద్దీ అదీ తగ్గుతుంది. రెండంగుళాల చదరపు పైపుని ఒకవైపు నుంచి కోసుకుపోలేం, నాలుగు వైపులా తిప్పి తిప్పి కోయాలి. తిప్పినప్పుడల్లా గీత అర మిల్లీమీటరు తప్పినా వెల్డింగ్ దగ్గర సందు పడుతుంది. రోజుకి పదీ ఇరవై పైపులు కోసేవాళ్ళకి ఇక్కడే ఏజీ 5 మీదికి మనసు పోతుంది.

ఏజీ 5 నిజంగా మంచి సైజు. చక్రం 125, రంధ్రం 22 మిల్లీమీటర్లు, చక్రం బిగించే ఇరుసు, అంటే స్పిండిల్, ఎం 14 మర (14 మిల్లీమీటర్ల లావు). ఏజీ 4కి సాధారణంగా ఎం 10 ఉంటుంది. స్పిండిల్ లావుగా ఉంటే వణుకు తక్కువ, మోటారు కూడా సాధారణంగా ఎక్కువ వాట్లది ఉంటుంది. చెయ్యి పెద్దగా బరువెక్కదు. ఫ్యాబ్రికేషన్ షాపు పెట్టే కుర్రాడు మొదటి మెషీన్‌గా ఇది కొంటే నేను వద్దనను. కానీ మీ ఊరి హార్డ్‌వేర్ షాపులో 125 వీల్స్ నిలవ ఉంటాయో లేదో ముందు కనుక్కోండి. మా దగ్గర రెండు షాపుల్లో ఒకదాంట్లోనే పెడతారు, అదీ ఒక్క రకం. నేను విజయవాడ ఆటోనగర్ వెళ్ళినప్పుడు పాతిక వీల్స్ పెట్టె ఒకేసారి తెచ్చుకుంటాను.

ఏజీ 7 గురించి మాత్రం కొంచెం గట్టిగా చెప్పాలి. 2,000 వాట్లు, అంతకు పైన ఉండే యంత్రం అది, నాలుగైదు కిలోల బరువు. స్విచ్ నొక్కగానే మెలితిరిగినట్టు చేతిని ఒక పక్కకి గుంజుతుంది. లావు యాంగిల్, ఐ ఆకారపు ఇనప దూలం (ఐ సెక్షన్) కోయడానికి, పెద్ద వెల్డింగ్ గడ్డలు నేలమట్టం చెయ్యడానికి అది లేకపోతే పని నడవదు. కానీ "ఎలాగూ కొంటున్నాం కదా, పెద్దదే కొందాం" అనుకుని ఇంటికి తెచ్చుకోకండి. 4 అంగుళాల చక్రం ఇరుక్కుంటే చేతికి ఒక ఝలక్ తగులుతుంది. 7 అంగుళాలది ఇరుక్కుంటే మనిషి మీదికే తిరగబడుతుంది. రెండు చేతులతో, కాళ్ళు ఎడంగా పెట్టి, నడుము స్థాయిలో పట్టుకుని చేసే పని అది. నిచ్చెన మీదికి తీసుకెళ్ళే వస్తువు కాదు.

చక్రం వేగం ఎంతో ఒకసారి లెక్క వేసి చూస్తే ఈ జాగ్రత్తలెందుకో తెలుస్తుంది. ఏజీ 4 నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుందనుకుందాం. చక్రం అంచు సెకనుకి సుమారు 58 మీటర్లు, అంటే గంటకి 200 కిలోమీటర్లు దాటి పోతుంటుంది. అది ముక్కలైతే ముక్కలు ఆ వేగంతోనే వస్తాయి. జిగురు లాంటి రెసిన్‌తో అతికించిన ఇలాంటి చక్రాలని మామూలుగా సెకనుకి 80 మీటర్ల దాకా తట్టుకునేట్టు తయారు చేస్తారు. అందుకే 100 మిల్లీమీటర్ల చక్రం మీద 15,000 పైచిలుకు చుట్లు అనీ, 180 చక్రం మీద 8,500 అనీ అచ్చు వేసి ఉంటుంది. చక్రానికి అడ్డుగా ఉండే రేకు, అంటే గార్డు, ఊడదీసి 7 అంగుళాల చక్రాన్ని ఎలాగో చిన్న మెషీన్‌కి బిగిస్తే అంచు వేగం 100 మీటర్లు దాటుతుంది. అలా బిగించి వాడేవాళ్ళని నేను కళ్ళారా చూశాను. చక్రం మీద అచ్చు వేసిన చుట్లు మెషీన్ నేమ్‌ప్లేటు మీది చుట్ల కంటే ఎక్కువుండాలి. ఈ ఒక్క నియమం గుర్తుంటే చాలు.

వాట్ల మోజు

షాపువాడు మొదట చూపించేది వాట్లే. "ఇది 670, ఇది 850, ఇది చూడండి 1,000 వాట్లు, ధర కూడా తక్కువే" అంటాడు. నేమ్‌ప్లేటు మీద రాసేది మెషీన్ గోడ నుంచి లాగే కరెంటు లెక్క. చక్రం దాకా చేరేది అందులో కొంతే, మిగతాది వేడిగా పోతుంది. మంచి రాగి తీగతో చుట్టిన 700 వాట్ల మోటారు, నాసిరకం వైండింగ్ ఉన్న 900 వాట్ల మోటారు కంటే ఎక్కువసేపు కోస్తుంది. నేను ఒకసారి ఊరూ పేరూ లేని 900 వాట్ల ఏజీ 4 పదమూడు వందలకి కొన్నాను. మొదటి రోజు బాగానే కోసింది. రెండో రోజు 6 మిల్లీమీటర్ల ఇనప పట్టీ (ఫ్లాటు) మీద వరసగా వెల్డింగ్ రుద్దుతుంటే గాలి వచ్చే కన్నాల్లోంచి వార్నిష్ కాలిన వాసన కొట్టింది. విప్పించి చూస్తే ఆర్మేచర్ మీద, అంటే మోటారులో తిరిగే భాగం మీద, తీగ నల్లబడి ఉంది. వైండింగ్ షాపాయన తీగని గోటితో గీకి చూపించాడు. పైన రాగిరంగు పూత, లోపల తెల్లగా అల్యూమినియం. ఆర్మేచర్ మార్చడానికి అదే సైజుది బజారంతా తిరిగినా దొరకలేదు. మెషీన్ మొత్తం పాత సామాన్లలోకి పోయింది.

అప్పటినుంచి షాపులో నేను చేసే పరీక్ష ఒకటుంది. ఒకే సైజు మెషీన్లు రెండు రెండు చేతుల్లో పట్టుకుంటాను. వాట్లు ఎక్కువని రాసి ఉన్నది, తక్కువ రాసినదానికంటే తేలిగ్గా ఉంటే దాన్ని పక్కన పెట్టేస్తాను. రాగీ ఇనుమూ బరువుంటాయి. తర్వాత స్పిండిల్ పట్టుకుని ముందుకీ పక్కలకీ కదుపుతాను. కొత్త మెషీన్లో ఆట ఉండకూడదు. వేలితో మెల్లగా తిప్పితే గేర్లు ఒకే ఒరవడిలో తిరగాలి, మధ్యలో గరగరమని తట్టకూడదు. ఆన్ చేయించి ఒక అర నిమిషం వింటాను. ఏజీ 4 గోల గోలగానే ఉంటుంది, అది సహజం. కానీ ఆ గోల ఒకే స్థాయిలో ఉండాలి. పైకీ కిందికీ పోతూ ఊళపెడితే బేరింగో గేరో సరిగా కూర్చోలేదు. ఆపాక చక్రం ఉన్నట్టుండి బిగుసుకున్నట్టు ఆగకుండా, సాఫీగా నెమ్మదించి ఆగాలి.

గేర్ల తల లోహానిదై ఉండాలి. అది వేడిని బయటికి వదులుతుంది, గేర్లని వరసలో పట్టి ఉంచుతుంది. తిరిగే ఆర్మేచర్‌కి కరెంటు అందించే చిన్న ముక్కల్ని కార్బన్ బ్రష్‌లంటారు. వాటి మూతలు బయటినుంచి స్క్రూ తీసి మార్చేట్టు ఉంటే ఇంటివాళ్ళకి ఎంతో సుఖం. కొన్ని మంచి మెషీన్లలో వెనక మూత విప్పాలి, అదీ పెద్ద పనేం కాదు. వైరు మెషీన్‌లోకి వెళ్ళే చోట రబ్బరు గొట్టం పొడుగ్గా ఉందో లేదో చూడండి. నా మెషీన్లు ఆగిపోయిన కారణాల్లో మొదటిది బ్రష్‌లు అరగడం, రెండోది ఆ రబ్బరు దగ్గర వైరు లోపల తెగడం. చాలామంది రెండు పిన్నుల ప్లగ్గు చూసి ఎర్త్ లేదని భయపడతారు. నేమ్‌ప్లేటు మీద చదరంలో చదరం గుర్తు ఉంటే అది రెండు పొరల ఇన్సులేషన్ ఉన్న యంత్రం, దానికి మూడో పిన్ను అక్కర్లేదు.

స్విచ్ మీద ఇంకొంచెం సేపు ఆలోచించండి

కొనేవాళ్ళలో నూటికి తొంభైమంది స్విచ్ సంగతి అడగనే అడగరు. నా లెక్కలో ఇంటికి కొనే మెషీన్‌లో సైజు తర్వాత చూడాల్సింది అదే.

స్విచ్‌లు మూడు రకాలుగా వస్తాయి. వెనకభాగంలో మీట లాంటిది ఒకటి. పక్కన బొటనవేలితో ముందుకి జరిపే జారుడు స్విచ్ ఇంకొకటి. పిడి కింద పొడుగునా ఉండి, నాలుగు వేళ్ళతో నొక్కి పట్టుకుంటేనే తిరిగే ప్యాడిల్ స్విచ్ మూడోది. మొదటి రెండూ ఒకసారి ఆన్ చేస్తే మనం ఆపేదాకా ఆన్‌లోనే ఉంటాయి. రోజంతా రుద్దేవాళ్ళకి వేళ్ళు నొప్పెట్టవని అవి ఇష్టం. ప్యాడిల్ స్విచ్ చెయ్యి వదిలితే ఆగుతుంది. కొన్నిటికి నొక్కి లాక్ చేసే బొత్తాం కూడా ఉంటుంది, అది లేని రకమైతే ఇంకా మంచిది.

ఎందుకంటున్నానో చెబుతాను. ఐదారేళ్ళ కింద వేసవిలో, ఒక గేటు ఫ్రేము కోస్తుండగా కరెంటు పోయింది. జారుడు స్విచ్ మెషీన్. చక్రం ఆగింది కదా అని మెషీన్‌ని బల్ల మీద పెట్టి, చెమట తుడుచుకుంటూ నీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళాను. స్విచ్ వెనక్కి లాగలేదు, ప్లగ్గు పీకలేదు. గ్లాసు నోటి దగ్గర ఉండగా కరెంటు వచ్చింది. గార్డు మీద పడుకోబెట్టిన గ్రైండర్ ఒక్కసారి లేచి, బల్ల అంచు మీద నిప్పురవ్వలు చిమ్ముతూ పాకి, వైరు ఎంతవరకు వస్తే అంతవరకు కిందికి వేలాడి, నేలకి కొట్టుకుని చక్రం పగిలింది. అప్పటికి రెండు నిమిషాల ముందు మా చిన్నాడు ఆ బల్ల పక్కనే కూర్చుని బోల్టులు ఏరుతున్నాడు. వాడు ఇంట్లోకి వెళ్ళబట్టి సరిపోయింది.

కరెంటు పోయి వస్తూ ఉండే ఊళ్ళల్లో ఉన్నవాళ్ళం మనం. కరెంటు తిరిగొచ్చినా, స్విచ్ ఒకసారి ఆపి మళ్ళీ వేస్తే తప్ప తిరగని రక్షణ ఉన్న మోడళ్ళు ఇప్పుడు దొరుకుతున్నాయి. ఎక్కువగా 900 వాట్లు దాటినవాటిలో ఉంటుంది. దానికోసం ఐదారు వందలు ఎక్కువ పెట్టాల్సి వచ్చినా పెట్టండి. ఆ డబ్బుకి రాకపోతే ప్యాడిల్ స్విచ్ ఉన్న ఏజీ 4 అడగండి. షాపులో లేదంటే తెప్పించమనండి.

వేగం తగ్గించుకునే చిన్న డయల్ ఉన్న మోడల్ స్టీలు రెయిలింగ్ పాలిష్ చేసేవాళ్ళకి తప్పనిసరి. పూర్తి వేగంతో ఎస్ఎస్ పైపుని రుద్దితే నీలం మచ్చలు పడతాయి, అవి మళ్ళీ తీయడం నరకం. మామూలు ఇనప పనికి దాని అవసరం లేదు.

కంపెనీల సంగతి

మన వైపు ఎక్కువగా కనబడే ఏజీ 4 మెషీన్లలో బాష్ జీడబ్ల్యూఎస్ 600 ఒకటి. 600, 700 మధ్య వాట్ల తరగతి. ఇంటికి కొనేవాడికి నేను తరచుగా చెప్పేది అదే. కారణం దాని మోటారు గొప్పదని కాదు. దాని ఆర్మేచర్, బ్రష్‌లు, స్విచ్, గేర్లు చిన్న పట్నాల్లో కూడా దొరుకుతాయి. ఏ మెకానిక్ అయినా కళ్ళు మూసుకుని విప్పి బిగిస్తాడు. మకీటా 9553 రకం 710 వాట్లది. చేతిలో సన్నగా ఇముడుతుంది, రోజంతా పట్టుకుంటే ఆ తేడా మణికట్టుకి తెలుస్తుంది. డివాల్ట్ డీడబ్ల్యూ 801 850 వాట్లది. వెల్డింగ్ రుద్దుడు ఎక్కువగా ఉండే షాపుకి నేను దానివైపే మొగ్గుతాను. హిటాచీ పాత మెషీన్ ఇంట్లో ఉన్నవాళ్ళు కంగారు పడక్కర్లేదు. ఆ పనిముట్లు 2018 నుంచి హైకోకి పేరుతో వస్తున్నాయి, స్పేర్లు ఆ పేరుతో అడగండి. స్టాన్లీ, బ్లాక్ అండ్ డెకర్, డివాల్ట్ మూడూ ఒకే గొడుగు కిందివి, కానీ ఒకదాని భాగం ఇంకోదానికి పడుతుందని అనుకోవద్దు. మన దేశపు పేర్లలో కొల్హాపూర్ వైపునుంచి వచ్చే కేపీటీ, ముంబయి రాలీవుల్ఫ్ పాతకాలం నుంచి ఉన్నవి. పెద్ద వర్క్‌షాపుల్లో ఏళ్ళ తరబడి నడుస్తున్నవి చూశాను.

ఇవి కాక ఆన్‌లైన్‌లో పన్నెండు వందల నుంచి పద్దెనిమిది వందల లోపు రకరకాల పేర్లతో వస్తున్నాయి. అన్నీ చెడ్డవని అనను. ఏడాదికి నాలుగుసార్లు ఊచ కోసుకునేవాడికి అదీ సరిపోవచ్చు. కానీ కొనేముందు ఒక పని చెయ్యండి. ఆ మోడల్ ఫొటో ఫోన్లో పట్టుకుని మీ వైండింగ్ షాపుకి వెళ్ళి, "దీని ఆర్మేచర్ ఉంటుందా, ఎంత?" అని అడగండి. ఉంది, నాలుగైదు వందలు అంటే తీసుకోండి. ఎప్పుడూ చూడలేదంటే ఆ మెషీన్‌ని ఒకసారి వాడి పారేసే వస్తువుగా లెక్కవేసుకుని కొనండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి సికింద్రాబాద్ రాణిగంజ్ ఉంది, అక్కడ అరుదైన మోడల్‌కీ స్పేరు దొరకొచ్చు. మండల కేంద్రంలో ఉన్నవాడికి ఆ అవకాశం లేదు. అదే మెషీన్ ఒక ఊళ్ళో నమ్మకమైనది, ఇంకో ఊళ్ళో కానిది కావడానికి ఇదే కారణం.

బయటి దేశాల నుంచి చుట్టాలు తెచ్చే మెషీన్ల మీద ఒక మాట. అమెరికా మెషీన్ 120 వోల్టులది. మన 230కి తగిలిస్తే ఒక్క క్షణంలో కాలిపోతుంది. స్పిండిల్ మర కూడా అంగుళాల లెక్కలో ఉంటుంది, మన నట్లు పట్టవు. గల్ఫ్ నుంచి 115 మిల్లీమీటర్లది తెస్తుంటారు. అది మన కరెంటుకి నడుస్తుంది గానీ 115 చక్రాలు మన బజార్లో వెతుక్కోవాలి. 125 చక్రం గార్డులో పట్టదు. అప్పుడు గార్డు ఊడదీస్తారు. ప్రమాదమంతా అక్కడినుంచే మొదలవుతుంది.

బ్యాటరీ గ్రైండర్లు: 18 వోల్టుల, 4 ఆంపియర్-అవర్ బ్యాటరీలో ఉండేది 72 వాట్-అవర్లు. 700 వాట్ల పని దానితో తీస్తే ఆరు నిమిషాలు. మామూలుగా అంత లోడు వరసగా పడదు కాబట్టి కొంచెం ఎక్కువే వస్తుంది. పొలంలో, మూడో అంతస్తు గోడ మీద, వైరు చేరని చోట పావుగంట పనికి అది వరం. షెడ్డులో బల్ల మీద పనికి వైరు మెషీనే. అదే కంపెనీ బ్యాటరీ డ్రిల్లు మీ దగ్గర ఇప్పటికే ఉంటే బ్యాటరీ లేకుండా ఉత్త మెషీన్ కొనడం దండగ కాదు.

గ్రైండర్ చెయ్యని పనులు

టైల్స్, నాపరాయి, గ్రానైటు ఎక్కువగా కోసే పని ఉంటే ఏజీ 4 కొనకండి, సీఎం 4 కొనండి. మార్బుల్ కట్టర్ అనేది దాన్నే. దానికి కింద పలక ఉంటుంది, గీత వంకర పోదు, ఎంత లోతు దిగాలో పెట్టుకోవచ్చు, కొన్నిటికి నీళ్ళ గొట్టం తగిలించే వీలుంటుంది. 110 మిల్లీమీటర్ల డైమండ్ బ్లేడుని ఏజీ 4కి పెట్టడం మేస్త్రీల దగ్గర మామూలైపోయింది. అది గార్డులో పట్టదు, రంధ్రం 20, స్పిండిల్ దగ్గర 16. రాతి పొడి మోటారులోకి పీల్చుకుపోయి బేరింగులనీ ఆర్మేచర్‌నీ ఉప్పుకాగితంలా గీకేస్తుంది. నా దగ్గరికి రిపేరుకొచ్చిన ఏజీ 4లలో లోపల తెల్లటి పొడి పేరుకున్నది కనబడితే యజమానిని అడక్కుండానే తెలిసిపోతుంది. ఆ పొడి మనిషి ఊపిరితిత్తులకి ఇంకా చేటు. రాయిలో ఉండే సిలికా ఒకసారి లోపలికి పోతే బయటికి రాదు. నీళ్ళు పోస్తూ కోయాలి, నీళ్ళు తగిలే పనికి సీఎం 4 తప్ప గ్రైండర్ ముట్టుకోకూడదు.

పైపులు వందల్లో కోసే ఆర్డరు వస్తే 14 అంగుళాల చాప్ సా, అంటే పైనుంచి కిందికి దించి కోసే మెషీన్, తీసుకోండి. నిమిషానికి 3,800 చుట్ల దగ్గర తిరుగుతుంది, కోత నిలువుగా పడుతుంది, నడుము విరగదు.

పళ్ళున్న చెక్క బ్లేడు మాత్రం గ్రైండర్‌కి ఎప్పుడూ పెట్టకండి. ఇనుము కోసే చక్రం ఇరుక్కుంటే విరుగుతుంది. పళ్ళ బ్లేడు విరగదు, చెక్కలో పట్టి మెషీన్‌నే మన వైపు విసురుతుంది. మా పక్క వీధిలో వడ్రంగి పనిచేసే ఒకాయన ఎడమచెయ్యి రెండు వేళ్ళు అలా పోయాయి. ఆయన కొత్తవాడు కాదు, ఇరవై ఏళ్ళు చెయ్యి తిరిగిన మనిషి.

చక్రాల దగ్గర పొదుపు చెయ్యకండి

మెషీన్ మీద మూడు వేలు పెట్టినవాళ్ళు చక్రం మీద ఐదు రూపాయలు మిగుల్చుకోవాలని చూస్తారు. పేరున్న చక్రాలు, అంటే క్యూమి, నార్టన్ లాంటివి, ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. చక్రం మధ్య రింగు మీద నెలా సంవత్సరం చెక్కి ఉంటే అది గడువు. రెసిన్‌తో అతికించిన చక్రానికి సాధారణంగా తయారైన మూడేళ్ళ దాకే బలం. తడి గోడకి ఆనించి పెట్టినా, ఎండలో పడేసినా అంతకుముందే పోతుంది. ఇంట్లో అటక మీద ఎప్పటివో నాలుగు దొరికాయని బిగించకండి.

సన్న ఇనుముకీ స్టీలుకీ 1 మిల్లీమీటరు మందం చక్రం తీసుకోండి. తొందరగా కోస్తుంది, మోటారుకి శ్రమ తక్కువ, వేడి తక్కువ. కానీ దాన్ని పక్కవాటుగా రుద్దడానికి వాడితే పటుక్కున పోతుంది. రుద్దడానికి 6 మిల్లీమీటర్ల గ్రైండింగ్ వీల్ వేరు, ఉప్పుకాగితం రెక్కలు వరసగా అతికించిన ఫ్లాప్ డిస్క్ వేరు. గేటు వెల్డింగ్‌కి 40 లేదా 60 నంబరు ఫ్లాప్ డిస్క్, పెయింట్ ముందు నున్నన చెయ్యడానికి 80. కొడవలి, కత్తి పదునుకి 120 తీసుకుని, రెండు మూడు సెకన్లు తాకించి నీళ్ళల్లో ముంచుతూ చెయ్యండి. అంచు నీలంగా మారిందంటే ఆ చోట పదును నిలవదు, కమ్మరి దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ పాయన పట్టించాల్సిందే.

బిగించేటప్పుడు నట్టు రెండు వైపులూ ఒకేలా ఉండదని గమనించండి. ఒకవైపు మధ్యలో చిన్న గట్టు లేచి ఉంటుంది, రెండోవైపు చదునుగా ఉంటుంది. లావు చక్రానికి గట్టు లోపలికి. సన్న చక్రానికి తిరగేసి చదును వైపు చక్రానికి ఆనేట్టు. ఇది తెలియక సన్న చక్రం వదులుగా ఊగుతుంటే పానాతో బలం కొద్దీ బిగించి స్పిండిల్ లాక్ విరగ్గొట్టినవాళ్ళు చాలామంది. కొత్త చక్రం పెట్టాక మొహానికి దూరంగా పట్టుకుని ఒక అర నిమిషం ఉత్తినే తిప్పండి, తర్వాతే ఇనుముకి తాకించండి.

వైరు, వోల్టేజి, మిగతావి

ఏజీ 4 మూడు నాలుగు ఆంపియర్లే లాగుతుంది, ఇంట్లో మామూలు సాకెట్ చాలు. ఏజీ 7 పదికి దగ్గరగా లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల సాకెట్ కావాలి, ఎక్స్‌టెన్షన్ వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లది ఉండాలి. ఏజీ 4కి 1.5ది. టీవీకి వాడే సన్న జంక్షన్ బాక్సు వైరుతో దూరం లాగి పనిచేస్తే వోల్టేజి పడిపోతుంది, చక్రం నెమ్మదిస్తుంది, మనం ఇంకా గట్టిగా నొక్కుతాం, ఆర్మేచర్ వేడెక్కుతుంది. కాలిపోయిన చాలా గ్రైండర్ల కథ ఇదే. సాయంత్రాలు 180 వోల్టులు కూడా రాని చోట ఉన్నవాళ్ళు లావు పని పొద్దున పూట పెట్టుకోండి. బరువు పని అయ్యాక వెంటనే ఆపకుండా ఒక నిమిషం ఉత్తినే తిరగనిస్తే లోపలి ఫ్యాను మోటారుని చల్లారుస్తుంది.

కళ్ళజోడు, మొహానికి షీల్డు, చెవులకి ఏదో ఒకటి. లుంగీ, మెడలో తువ్వాలు, చున్నీ, వదులు చేతుల చొక్కా, నూలు గ్లవుజులు వద్దు. చక్రం దేన్నైనా పట్టిందంటే చుట్టేసుకుంటుంది. నిప్పురవ్వలు ఎటు పడుతున్నాయో చూసుకోండి. గడ్డివాము పక్కన, పత్తి ఉన్న గదిలో, బండి పెట్రోలు ట్యాంకు దగ్గర కోతకి దిగొద్దు.

నాకు ఇప్పుడు కొత్తగా కొనమంటే ఏం కొంటానో చెబుతాను. ఇల్లూ పెరడూ ఉన్నవాడినైతే 700 వాట్ల దగ్గర ఏజీ 4, ప్యాడిల్ స్విచ్, ఊళ్ళో స్పేర్లు దొరికే పేరు. రెండున్నర నుంచి నాలుగు వేల లోపు అయిపోతుంది. రైతునైతే అదే, కాకపోతే పైపుల పని ఎక్కువ కాబట్టి 850 వాట్లది. చిన్న ఫ్యాబ్రికేషన్ షాపుకి ఒక ఖరీదైన మెషీన్ బదులు రెండు ఒకే మోడల్ ఏజీ 4లు కొంటాను. ఒకదానికి ఎప్పుడూ కటింగ్ వీల్, ఇంకోదానికి ఎప్పుడూ ఫ్లాప్ డిస్క్. వీల్స్ మార్చే టైము మిగులుతుంది. ఒకటి ఆగితే రెండోది పని నడిపిస్తుంది. రెండిటికీ ఒకే బ్రష్‌లు, ఒకే ఆర్మేచర్ పడతాయి. ఏజీ 7 మొదటి ఏడాది అద్దెకి తెచ్చుకుంటాను, నెలకి నాలుగుసార్లు పైన తేవాల్సి వస్తేనే కొంటాను.

కొన్న రోజే ఒక జత కార్బన్ బ్రష్‌లు కూడా తీసుకోండి, మెషీన్ పెట్టెలోనే పెట్టండి. బ్రష్ మూడో వంతుకి అరిగినప్పుడు, లేదా వెనక కన్నాల్లోంచి నీలం మెరుపులు ఎక్కువైనప్పుడు రెండూ ఒకేసారి మార్చాలి. ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ ఉంచకూడదు. జీఎస్టీ బిల్లు తీసుకుని ఫొటో కూడా తీసి పెట్టుకోండి, వారంటీ కార్డు మీద షాపు ముద్ర వేయించుకోండి. వారంటీ కొన్నిటికి ఆరు నెలలు, కొన్నిటికి ఏడాది. ఆ గడువులో వైండింగ్ షాపుకి తీసుకెళ్ళి విప్పిస్తే కంపెనీవాళ్ళు చూడరు, సర్వీస్ సెంటర్ ఏ ఊళ్ళో ఉందో కొన్నప్పుడే అడిగి బిల్లు వెనక రాసుకోండి. మొదటి వారంలోనే బాగా పని పెట్టండి. లోపలి లోపం ఏదైనా ఉంటే ఎక్కువసార్లు ఆ వారంలోనే బయటపడుతుంది, షాపువాడు మార్చి ఇచ్చేదీ అప్పుడే.